82, 70, మధ్యలో మగ్గాలు: ఒక చిన్న ఊరి మూడు సర్కారు హైస్కూళ్ల కేస్ స్టడీ

2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం మా స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరదగ్గరగా ఉన్న సర్కారు బడుల సమూహం) వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక పెట్టాను. ఊళ్లో ఉన్న మూడు సర్కారు హైస్కూళ్లు, వాటి పాస్ శాతాలు, చివరి కాలమ్‌లో ర్యాంకు. అరగంట కాకముందే రెండో ర్యాంకు వచ్చిన బడి హెచ్‌ఎం మేడమ్ ఫోన్ చేశారు. "ఏం సార్, మీరు కూడా ర్యాంకులేస్తే ఎట్లా? మా దగ్గరికొచ్చే పిల్లోళ్లు ఎవరో మీకు తెలీదా?" అన్నారు.

తెలుసనే అనుకున్నాను. నేను లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇదే ఊళ్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, కాంప్లెక్స్ రిపోర్టులన్నీ నా చేతి మీదుగానే పోతాయి. అయినా ఆమె అడిగినదానికి ఫోన్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ వేసవి సెలవుల్లో మూడు బడుల అడ్మిషన్ రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నది అందుకే.

ఊరి పేరు రాయడం లేదు. చిత్తూరు జిల్లా తూర్పు అంచున, తమిళనాడు సరిహద్దుకు దగ్గర్లో ఉన్న చిన్న మునిసిపాలిటీ అనుకోండి. నగరి, పుత్తూరు వైపు వెళ్లినవాళ్లకు ఈ తరహా ఊళ్లు తెలిసే ఉంటాయి: వీధిలోకి తిరగ్గానే మరమగ్గాల టకటక, ఊరు దాటగానే మామిడి తోటలు. బడులకు కూడా నేను పెట్టుకున్న పేర్లే వాడతాను. బస్టాండు దగ్గరున్న పాత బడి మెయిన్ రోడ్డు బడి. నేత వీధుల మధ్య ఉన్నది మగ్గాల బడి, నాకు ఫోన్ చేసిన హెచ్‌ఎం మేడమ్‌ది ఇదే. ఊరి చివర, చుట్టుపక్కల పల్లెల పిల్లలు వచ్చేది కొండ బడి. అంకెలు కూడా అసలువి కావు. అసలువి రాస్తే మా జిల్లా టీచర్లు ఏ బడో పది నిమిషాల్లో కనిపెడతారు. అందుకని మొదటి రెండు బడుల్లో ఒక్కోదాంట్లో వంద మంది రాసినట్టు గుండ్రం చేసి, లెక్క అర్థమయ్యే అంకెలు పెట్టాను.

ముందు పాస్ శాతం గురించే ఒక మాట. రాష్ట్రం మొత్తం మీద పదో తరగతి పాస్ శాతం 2019లో 94.88. 2020లో, 2021లో కోవిడ్ వల్ల పరీక్షలే లేవు, అందరూ పాస్. 2022లో పరీక్ష పెడితే 67.26. తర్వాత 72.26, 86.69, 2025లో 81.14. మూడేళ్లలో ఒక రాష్ట్రంలోని పిల్లలు, టీచర్లు 27 పాయింట్లంత చెడిపోరు కదా. ఇంటర్నల్ 20 మార్కులు తీసేశారు, పేపర్ల సంఖ్య మారింది, మధ్యలో బడులు మూతపడ్డాయి. ఒకే బడిని గత ఏడాదితో పోల్చడానికే ఇన్ని చిక్కులుంటే, మూడు వేర్వేరు బడుల్ని ఒక అంకెతో వరసలో నిలబెట్టిన నా పట్టిక ఎంత తొందరపాటు పనో అప్పుడు తట్టింది.

2025లో పది రాసిన బ్యాచ్‌కు ఇంకో సంగతి ఉంది. వీళ్లు ఆరో తరగతిలో చేరింది 2020-21లో. హైస్కూల్లో వీళ్లు మొదటిసారి బెంచీల మీద కూర్చున్నది 2021 జనవరిలో. ఏప్రిల్లో మళ్లీ మూసేశారు, ఆగస్టు 16న తెరిచారు. అంటే ఆరో తరగతి మొత్తం మూడు నెలలు. అదే సమయంలో ఫీజులు కట్టలేక ప్రైవేటు బడుల నుంచి కొంతమంది సర్కారు బడికొచ్చారు. ఊళ్లో ఎక్కువమంది చేరింది మెయిన్ రోడ్డు బడిలో. బస్సు దిగితే ఎదురుగా కనపడేది అదే మరి.

యూడైస్‌లో (బడుల, పిల్లల వివరాలు ఎక్కించే సర్కారు ఆన్‌లైన్ రికార్డు) ఉన్న వివరాలతో మొదలుపెట్టాను: ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓసీ, ఆడ, మగ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. అందరూ చేసేది ఇదే, నివేదికల్లో అడిగేదీ ఇదే. మెయిన్ రోడ్డు బడికీ మగ్గాల బడికీ ఈ కాలమ్‌లలో పెద్ద తేడా కనిపించలేదు. రెండిట్లోనూ బీసీలే ఎక్కువ. అయితే తేడా పిల్లలది కాదు, బడిదే అని ఒక రోజంతా అనుకున్నాను కూడా.

మర్నాడు మగ్గాల బడి క్లర్కు పక్కన కూర్చుని పేర్లు ఒక్కొక్కటే చదువుతుంటే ఆయన ఊరికే అంటున్నాడు: "వీళ్లకు ఎనిమిది మగ్గాలున్నాయి సార్... ఈ పాప వాళ్ల నాయన ఆ మగ్గాల మీదే పీసు లెక్కన కూలికి నేస్తాడు." నేను పెన్ను పక్కన పెట్టేశాను. మగ్గాల ఓనరు కొడుకు, ఆ మగ్గం మీద కూలికి నేసేవాడి కూతురు, రిజిస్టర్లో ఇద్దరిదీ ఒకే కాలమ్: బీసీ. ఓనరు బీకామ్ చదివాడు. కూలి మనిషి ఐదో తరగతిలో మానేశాడు. కులం కాలమ్ అబద్ధం చెప్పలేదు. మా ఊళ్లో ఈ రెండు బడుల మధ్య తేడాను చూపించే పని మాత్రం దానితో కాలేదు.

అందుకని నాకు నేనే మూడు కాలమ్‌లు గీసుకున్నాను. ఇంట్లో ఎవరైనా పదో తరగతి దాటారా? ఇంట్లో మాట్లాడే భాష ఏది? ఐదో తరగతి దాకా ఎక్కడ చదివారు, మధ్యలో ఆగారా? మూడోది టీసీల్లో దొరికింది. మొదటిదానికి క్లాస్ టీచర్లు, క్లర్కులు, కొన్నిచోట్ల ఫోన్లు. రెండోది మాత్రం నన్ను బాగా తిప్పలు పెట్టింది.

జూన్‌లో బడి తెరిచాక మగ్గాల బడి ఆరో తరగతికి వెళ్లి, "ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యి లేవలేదు. యూడైస్‌లో మాతృభాష కాలమ్ కూడా అలాగే ఉంది, అందరికీ తెలుగే. నేను అడిగిన పద్ధతే తప్పు. తమిళం మాట్లాడితే క్లాసులో నవ్వుతారని వాళ్లకు ఒకటో తరగతిలోనే తెలిసిపోయింది. మర్నాడు ఒక్కొక్కర్నీ పిలిచి వేరేలా అడిగాను. "అమ్మణ్ణీ, ఆకలేస్తే మీ అమ్మను ఏమని అడుగుతావు?" మొదటి పాప తల దించుకుని నెమ్మదిగా అంది: "అమ్మా, సోరు పోడు." ఆ తర్వాత సగానికి పైగా అదే జవాబు.

ఆ పాపకే ఒక గుణకారం ఇచ్చాను. పెదాలు కదులుతున్నాయి. "ఏళెట్టు అయింబత్తారు" అని లోపల తమిళంలో అనుకుని, నోటు మీద 56 వేసి, నాకు మాత్రం "ఫిఫ్టీ సిక్స్ సార్" అంది. పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. లెక్క నడిచేది ఆ రెండిట్లోనూ లేని భాషలో. ఆ పాపకు ఎక్కాలు వస్తాయి. మాటల్లో ఇచ్చిన లెక్క చదవడం రాదు. పరీక్ష పేపర్లో లెక్క రాకపోయినా, లెక్కను చదవడం రాకపోయినా పడే మార్కు ఒకటే, సున్నా.

ఇప్పుడు అసలు లెక్కకొస్తాను. మెయిన్ రోడ్డు బడిలో 100 మంది రాస్తే 82 మంది పాస్. మగ్గాల బడిలో 100 మందికి 70. నా వాట్సాప్ పట్టికలో ఉన్నది ఇంతే. ఇంట్లో ఒక్కరైనా పది దాటినవాళ్లను ఒక గుంపు, ఎవరూ దాటనివాళ్లను ఇంకో గుంపు చేశాను. మెయిన్ రోడ్డు బడిలో మొదటి గుంపు 80 మంది, పాసైంది 72, అంటే 90 శాతం. రెండో గుంపు 20 మంది, పాసైంది 10, సగం. మగ్గాల బడిలో మొదటి గుంపు 30 మందే, పాసైంది 28, అంటే 93 శాతం. రెండో గుంపు 70 మంది, పాసైంది 42, అంటే 60 శాతం.

రెండు గుంపుల్లోనూ మగ్గాల బడే ముందుంది. కలిపితే 12 పాయింట్లు వెనకబడింది. కారణం ఒక్కటే, కష్టమైన గుంపు దాని దగ్గర 70 మంది, మెయిన్ రోడ్డు బడి దగ్గర 20 మంది. స్టాటిస్టిక్స్‌లో దీన్ని సింప్సన్ పారడాక్స్ అంటారు. బీఎస్సీలో చదువుకున్నదే. సొంత ఊరి బడుల మీద ర్యాంకు వేసేటప్పుడు గుర్తుకు రాలేదంటే సిగ్గుగానే ఉంది.

కాంప్లెక్స్ మీటింగులో ఇది చూపించినప్పుడు ఒక సార్ అన్నారు, హాజరు ప్రకారం కూడా గుంపులు చేయొచ్చు కదా అని. నేను ఒప్పుకోలేదు. పిల్లాడు బడికి రావడంలో కొంత ఇంటి వంతు, కొంత బడి వంతు ఉంటుంది. రాని పిల్లాడి ఇంటికి సాయంత్రం టీచరు వెళ్లిన బడినీ వెళ్లని బడినీ హాజరుతో సమానం చేసి పోలిస్తే, మనం కొలవాలనుకున్నదే తుడిచేసినట్టు. గుంపు చేయడానికి పిల్లలు బడికి రాకముందే ఉన్న సంగతులు వాడాలి, బడిలో చేరాక జరిగినవి కాదు. రోల్‌లో పేరుంటే పిల్లాడు ఉన్నట్టు కాదన్నది ఇంకో సంగతి. 2020 జనవరి 9న మా చిత్తూరులోనే మొదలైన అమ్మఒడి దగ్గర్నుంచి ఇప్పటి తల్లికి వందనం దాకా, తల్లి ఖాతాలో సర్కారు డబ్బు పడాలంటే బడిలో పిల్లల పేరుండాలి. పేరు నిలబడటం మంచిదే. హాజరు పట్టీని మాత్రం ఆ తర్వాత కాస్త అనుమానంగా చూడటం నేర్చుకున్నాను.

తర్వాత, శాతం లెక్కలో కింద వేసే అంకె, అంటే హారం. పాస్ శాతం అంటే రాసినవాళ్లలో పాసైనవాళ్లు. ఆరులో చేరి పది రాయకుండా పోయినవాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. అడ్మిషన్ రిజిస్టర్లో ఆరో తరగతి పేర్లు పట్టుకుని ఒక్కొక్కటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) దాకా లాక్కొచ్చాను. ఎక్కువమంది న్యాయంగానే టీసీ తీసుకుని వెళ్లారు: గురుకులాలకు, ప్రైవేటుకు, తిరుపతికి, చెన్నైకి. కొందరు యూడైస్ డ్రాప్‌బాక్స్‌లోనే (ఒక బడి వదిలి ఇంకో బడిలో చేరినట్టు నమోదు కాని పేర్లు ఉండేచోటు) ఉండిపోయారు, ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. మూడు బడుల్లో ఒక బడిలో మాత్రం తొమ్మిదో తరగతి చివర్లో కొన్ని పేర్లు వరసగా పోయాయి. ఇళ్లకు వెళ్లి అడిగితే, "నీకు పది కష్టం నాయినా, ఓపెన్ స్కూల్లో కట్టుకో అన్నారు సార్" అని చెప్పారు. ఓపెన్ స్కూలు చెడ్డదని నేననను. కానీ ఫెయిలయ్యేలా ఉన్నవాళ్లను ముందే దించేస్తే బండి తేలిగ్గా కొండెక్కుతుంది. ఏ బడో మీటింగులో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఆ హెచ్‌ఎంతో విడిగా మాట్లాడాను. ఆయన కాదనలేదు. "పైనుంచి ప్రెషర్ ఎట్లుంటుందో మీకు తెలుసు కదా" అన్నారు. తెలుసు. ఆ ప్రెషర్లో నా ర్యాంకు కాలమ్‌కు కూడా వాటా ఉంది.

ఇంతవరకు చదివినవాళ్లకు మగ్గాల బడి మీద జాలి, దాంతోపాటు గౌరవం కలిగి ఉంటాయి. నాకూ కలిగాయి. మార్కుల జాబితా కిందికి వెళ్లాక కొంచెం తగ్గాయి. 600కు 500 దాటినవాళ్లు మెయిన్ రోడ్డు బడిలో బాగా ఎక్కువ. అదీ పిల్లల తేడాయేలే అనుకుని, ఇంట్లో చదువుకున్నవాళ్లున్న గుంపును మాత్రమే పక్కపక్కన పెట్టాను. అప్పుడూ మెయిన్ రోడ్డు బడిదే పైచేయి. మగ్గాల బడి టీచర్లు అందర్నీ 35 దాటించడం మీద పడ్డారు. స్లిప్ టెస్టులన్నీ అవే పది ప్రశ్నలు, పాస్ మార్కులకు సరిపోయే అదే మినిమమ్ మెటీరియల్. క్లాసులో ముందుండే పిల్లలు జనవరికల్లా అది పూర్తిచేసి, మిగతావాళ్లకు చెబుతూ కూర్చున్నారు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష సంగతీ అంతే. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కూలికి నేసే ఇంట్లో అది చిన్న డబ్బు కాదు. అయినా ఆ బడి నుంచి దరఖాస్తులే అంతంతమాత్రం. హెచ్‌ఎం మేడమ్‌కు ఈ మాట చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నారు. "మునిగేవాడిని లాగాలా, ఈత వచ్చినవాడికి ఇంకా నేర్పాలా సార్?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ఈత వచ్చిన పిల్ల కూడా ఆమె బడి పిల్లే.

కొండ బడి కథ వేరు. అక్కడ పదో తరగతి చిన్నది. 40 మంది రాసే బడిలో ఒక్కడు తప్పితే శాతం రెండున్నర పడిపోతుంది. అందుకే ఆ బడికి శాతం వేయడం మానేసి పేర్లే చూశాను. మామిడి తోటల్లో కూలి చేసే ఇళ్లు, యానాదుల కాలనీ పిల్లలు. జూన్ 12న బడి తెరుస్తారు, తోతాపురి కోతలు అప్పటికి జోరు మీద ఉంటాయి. ఇంటిల్లిపాదీ తోటల్లో ఉంటారు, పిల్లలు జులైలో వస్తారు. కొన్ని కుటుంబాలు సంక్రాంతి తర్వాత అడ్వాన్సు తీసుకుని ఇటుక బట్టీలకు వెళ్తాయి. పరీక్ష మార్చిలో. అంటే ఏడాది మొదలూ చివరా రెండూ పోతాయి. ఫెయిలైనవాళ్లు ఎక్కువగా ఉండటానికి ఇదే కారణమని నేనూ, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసూ, ఆ బడి టీచర్లూ అందరం నమ్మాం.

సబ్జెక్టుల వారీగా చూస్తే ఆ నమ్మకం నిలవలేదు. బడికి రాకపోవడమే కారణమైతే అన్ని సబ్జెక్టుల్లోనూ దెబ్బ తగలాలి. తెలుగు, సోషల్, చివరికి లెక్కల్లో కూడా కొండ బడి పిల్లలు మగ్గాల బడిలోని రెండో గుంపుతో సమానంగానే ఉన్నారు. కుప్పకూలింది సైన్సులో, అందులోనూ ఫిజికల్ సైన్సులో. విచారిస్తే తెలిసింది, ఆ పోస్టు చాలాకాలం ఖాళీ. వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద ఇంకో బడి సార్ వారానికి మూడు రోజులు వచ్చేవారు, అదీ వీలైతే. పిల్లల పేదరికం మీద మనం తోసేసిన దాంట్లో ఒక ఖాళీ కుర్చీ కూడా ఉంది. పిల్లల నేపథ్యం చూడాలని ఇంతసేపు వాదించినవాడినే అయినా, ఆ మాట చేతికి దొరికాక ఎంత హాయిగా దాని వెనక దాక్కోవచ్చో కొండ బడి దగ్గర చూశాను.

చేసిన పనులు ఎక్కువేం కాదు. మగ్గాల బడిలో పదో తరగతి స్పెషల్ క్లాసు సాయంత్రం ఉండేది. పిల్లలు ఎందుకు ఉండరో తెలుసుకోవడానికి ఒకరోజు అయిదింటికి ఒక ఇంటికి వెళ్లాను. పదో తరగతి పిల్లాడు నేల మీద కూర్చుని కండెలు చుడుతున్నాడు. పక్క గదిలో నాన్న మగ్గం. కండె ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పీసు ఆగుతుంది. "పొద్దున పెట్టండి సార్, ఏడింటికైనా పంపిస్తా" అంది వాళ్లమ్మ, ఆమే సలహా ఇచ్చినట్టు. ఈసారి పది పరీక్షల కోసం నడిపే వంద రోజుల ప్రణాళిక క్లాసు ఉదయానికి మార్చారు. వచ్చేవాళ్లు పెరిగారు. ఖాళీ కడుపుతో వస్తున్నారన్నది కొత్త సమస్య, దానికి టీచర్లే బిస్కెట్లు కొంటున్నారు. అది ఎన్నాళ్లు నడుస్తుందో చూడాలి.

ఆరో తరగతికి మూడు బడుల్లోనూ మొదటి నెల పుస్తకం తీయలేదు. రెండో తరగతి స్థాయి పేరా ఒకటి చదివించడం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, ఈ రెండే. 824ను 4తో భాగించమంటే ఎక్కువమంది 26 అన్నారు. మధ్యలో సున్నా మింగేశారు. మెయిన్ రోడ్డు బడిలోనూ అదే 26, కొండ బడిలోనూ అదే 26. మూడు బడుల మధ్య తేడా లేకుండా నాకు దొరికిన అంకె ఇదొక్కటే. స్థాయిని బట్టి కూర్చోబెట్టి చెప్పే పద్ధతి కొత్తదేం కాదు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూలు వాళ్లు కార్డులతో ఎన్నో ఏళ్ల కిందే చేసి చూపించారు. మాకు కార్డులు లేవు, పాత క్యాలెండర్ల వెనక రాసుకున్నాం. మగ్గాల బడిలో తమిళం తెలిసిన టీచరమ్మ ఒకరున్నారు. క్లాసులో తమిళం వాడకూడదని ఇన్నాళ్లూ ఆమే గట్టిగా ఉండేవారు. ఇప్పుడు మాటల లెక్కను మొదట తమిళంలో చెప్పించి, తర్వాత తెలుగులో చదివిస్తున్నారు. కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. ఇంగ్లీషు కోసం పంపితే తమిళం చెబుతారా అని పేరెంట్స్ మీటింగులో ఒకాయన గట్టిగానే అడిగాడు.

కొండ బడికి జూన్ బదిలీల తర్వాత ఫిజికల్ సైన్స్ టీచరు వచ్చారు. అది నా కేస్ స్టడీ వల్ల జరగలేదు, బదిలీల కౌన్సెలింగ్ వల్ల జరిగింది. ఎస్ఏ-1లో (ఏడాది మధ్యలో బడిలో పెట్టే పరీక్ష) సైన్సు మార్కులు పెరిగాయి. బోర్డు పరీక్షలో ఏమవుతుందో మార్చి తర్వాతే.

ఈసారి పట్టికలో ర్యాంకు కాలమ్ తీసేశాను. ఆరులో చేరినవాళ్లెందరు, పది రాసినవాళ్లెందరు, రెండు గుంపుల్లో విడివిడిగా పాసైనవాళ్లెందరు, 500 దాటినవాళ్లెందరు, ఖాళీ పోస్టులేవి, ఇవీ కాలమ్‌లు. మొబైల్ స్క్రీన్‌లో పట్టదని ఇప్పటికే ఇద్దరు హెచ్‌ఎంలు విసుక్కున్నారు.

మొన్న సంక్రాంతి అయ్యాక కొండ బడి హెచ్‌ఎం ఫోన్ చేశారు. పదో తరగతిలో ముగ్గురు ఇళ్లవాళ్లతో బట్టీకి వెళ్లారట. ఆయనే బండి మీద వెళ్లి మాట్లాడితే ఇద్దర్ని తాతల దగ్గర వదిలిపెట్టడానికి ఒప్పుకున్నారు. మూడోవాడి నాన్న మాత్రం, పరీక్షలప్పుడు తెచ్చి రాయిస్తాను, మళ్లీ తీసుకుపోతాను అన్నాడట. "వీడిని మీ పట్టికలో ఏ కాలమ్‌లో రాయమంటారు సార్?" అని అడిగారు. వాడికి సరిపోయే కాలమ్ నేనింకా గీయలేదు. ప్రస్తుతానికి పేరు నోటుబుక్కు చివరి పేజీలో రాసిపెట్టాను.